ముందు ఆ డాల్డా డబ్బా సంగతి

ప్రశ్న: నాది కోరాపుట్ జిల్లా జైపూర్. తాతల కాలంలో సాలూరు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాం. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా. సునాబెడాలోని విమాన ఇంజన్ల కర్మాగారంలో టర్నర్‌గా పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు 68 ఏళ్లు. ఏడేళ్ల వయసులో దీపావళి నాడు నాన్నగారు వెలిగించిన తారాజువ్వ వంకర తిరిగి పక్కవారి గడ్డివామిలో పడింది. అందరూ బిందెలతో పరుగెడుతుంటే, అది ఎందుకు వంకర తిరిగిందని నేను నాన్నగారిని అడుగుతూ నిలబడ్డానట. వీపు మీద దెబ్బ పడింది గాని జవాబు దొరకలేదు. అప్పటి నుంచి రాకెట్లే నా లోకం. అట్ట గొట్టాలతో ఎన్నో చేశాను. కొలాబ్ జలాశయం వైపు ఖాళీ నేలల్లో ఎగరేశాను. ప్రతిదాని లెక్కా పుస్తకాల్లో రాసిపెట్టుకున్నాను.

రెండేళ్లుగా ఒక కొత్త వస్తువు మీద పనిచేస్తున్నాను. మామూలు తూటాను గొట్టం లోపల జరిగే పేలుడు బయటికి తోస్తుంది. నాది తన ఇంధనాన్ని తానే మోసుకుపోయే రాకెట్ తూటా. తుపాకీ వెనక్కి తన్నదు. పెరట్లో షెడ్డులో ఉన్న పాత లేత్ మీద ఉక్కు గొట్టాలు నేనే తీశాను. మందు కూరి కొన్నిటిని పరీక్షించాను. ఒకటి పక్కింటి సిమెంటు రేకును తూట్లు పొడిచింది. ఎవరికీ ఏమీ కాలేదు, కొత్త రేకు కొనిచ్చాను. ఇంకా ఏడు డాల్డా డబ్బాలో ఉన్నాయి. విజయనగరంలో ఉద్యోగం చేసే మా అబ్బాయి మొన్న వచ్చి, 'ఈ వయసులో ఈ పిచ్చి ఏమిటి' అని షెడ్డుకు తాళం వేసి తాళంచెవి పట్టుకుపోయాడు. తొమ్మిదో తరగతి చదివే మనవడు మాత్రం సెలవుల్లో వచ్చి నాతో పాటు పని చేస్తానంటున్నాడు. టిప్పు సుల్తాన్ రాకెట్లు పుట్టిన దేశం మనది. నా వస్తువు సైన్యానికి పనికివస్తుందని నా నమ్మకం. దాన్ని వారికి ఎలా పంపాలి? పేటెంటు ఎలా తీసుకోవాలి? అబ్బాయి చేత తాళం ఎలా తీయించాలి?

— పేరు వద్దన్న పాఠకుడు, జైపూర్

సమాధానం:

అన్నగారూ,

మీరు మూడు ప్రశ్నలు అడిగారు. అడగని నాలుగోదానితో నేను మొదలుపెడతాను. ఆ డాల్డా డబ్బాలో ఉన్న ఏడింటిని ఏం చేయాలి? జవాబులో ఈ భాగాన్ని పత్రిక అచ్చయ్యేదాకా ఆపకుండా మీ చిరునామాకు ముందే విడిగా పంపించాం. మళ్లీ ఇక్కడ వేయడం ఎందుకంటే, ఇలాంటి డబ్బాలు మరికొందరి అటకల మీద కూడా ఉండి ఉండవచ్చు.

వాటిని ముట్టుకోకండి. మందు బయటికి తీసేస్తే సరిపోతుందని అసలే అనుకోకండి. నీళ్లలో నానబెట్టడం, కొలాబ్‌లో పారేయడం, పాత ఇనుము కొనేవాడికి వేయడం, బస్సులో విజయనగరం తీసుకువెళ్లి అబ్బాయికి చూపించడం, ఇవేవీ వద్దు. చేత్తో కూరిన మందు కూరిన రోజున ఉన్నట్టే ఉండిపోదు. ఎండకు ఉక్కు సాగేది ఒక తీరు, లోపలి మందు దిమ్మ సాగేది ఇంకో తీరు. వానాకాలంలో చెమ్మ పీల్చుకుంటుంది, వేసవిలో ఆరుతుంది. కంటికి కనిపించని పగులు ఒక్కటి వచ్చినా మంట అందులోకి దూరి, కొద్దికొద్దిగా కాలవలసినది ఒక్కసారిగా అంటుకుంటుంది. ఆ వాయువును వెనక రంధ్రాలు అంత త్వరగా బయటికి పంపలేవు. అప్పుడు మీ చేతిలో ఉన్నది ఉక్కు ముక్కలు చిమ్మే బాంబు. ఇంజన్ల మధ్య బతికిన మీకు పీడనం గురించి చెప్పడం అధిక ప్రసంగమే. అయినా చెబుతున్నాను. 'ఎవరికీ ఏమీ కాలేదు' అన్న మాటను మీరు కొత్త రేకు ఖరీదు పక్కన పెట్టి దాటేసిన తీరు నాకు నచ్చలేదు. ఆ సమయానికి ఆ రేకు కింద మనిషి లేడు, అంతే. ఆ ఇంటివారి అదృష్టాన్ని మీ పరీక్ష ఫలితాల్లో కలపకండి.

తాళం వేసి మీ అబ్బాయి మంచి పనే చేశాడు, కానీ సగమే చేశాడు. రేకుల షెడ్డు, లోపల నిండు సరుకు, బయట జైపూర్ ఎండ. తాళంచెవి పట్టుకుపోయిన మనిషి డబ్బా సంగతి ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోవడం బాగాలేదు. ఈ జవాబు ఆయన చేత కూడా చదివించండి.

చేయవలసింది ఇది. జైపూర్‌లోనో కోరాపుట్‌లోనో క్రిమినల్ కేసులు చూసే న్యాయవాది దగ్గరికి వెంటనే వెళ్లండి. అబ్బాయిని వెంట రమ్మనండి. ఎన్ని చేశారు, ఎన్ని కాల్చారు, రేకు సంగతేమిటి, మిగిలినవి ఎక్కడున్నాయి, ఒక్కటీ దాచకుండా చెప్పండి. ఆయన ద్వారా పోలీసులకు రాతపూర్వకంగా తెలియజేయండి. ఇలాంటివి తీసుకువెళ్లడానికి శిక్షణ పొందిన దళాలు వాళ్లకు ఉంటాయి. వారు వచ్చేదాకా షెడ్డు వైపు పిల్లలూ పశువులూ వెళ్లకుండా చూడండి. కేసు పెట్టరా అని మీరు అడుగుతారు. పెట్టవచ్చు. పెట్టరని నేను మాట ఇస్తే అది అబద్ధం అవుతుంది. అయితే తానుగా వచ్చి చెప్పిన మనిషికీ, పేలుడు విని ఊరంతా పోగయ్యాక దొరికిన మనిషికీ తేడా ఏ న్యాయమూర్తికైనా కనిపిస్తుంది.

చట్టం ఏమంటుందో మీకు ఎవరూ చెప్పి ఉండరు. 1959 నాటి ఆయుధాల చట్టం మందుగుండు అనే మాటకు ఇచ్చిన నిర్వచనం చాలా విశాలమైనది. రాకెట్లు అందులో పేరుతో సహా ఉన్నాయి. మందుగుండు విడిభాగాలూ, దాన్ని తయారుచేసే యంత్రాలూ కూడా ఉన్నాయి. అంటే మందు కూరని ఖాళీ గొట్టాలు ఉత్త ఉక్కు ముక్కలే కదా అన్న వాదన నిలవదు. మీ లేత్‌ను కూడా చూపించి మాట్లాడే వీలు ప్రభుత్వ న్యాయవాదికి ఉంటుంది. అదే చట్టం 5వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా మందుగుండు తయారు చేయకూడదు. పరీక్షించడం కూడా కుదరదు. 2019లో చేసిన సవరణతో ఈ నేరానికి కనీస శిక్ష ఏడేళ్లు, గరిష్ఠం యావజ్జీవం అయింది. అభిరుచి కోసం, పరిశోధన కోసం, దేశం కోసం అంటూ సొంతంగా చేసుకునేవారికి మినహాయింపు లేదు. ఇక మందు కలపడం విడిగా మరో సంగతి. 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం కిందికి వస్తుంది. ఆ లైసెన్సులు చూసే సంస్థ ప్రధాన కార్యాలయం నాగపూర్‌లో ఉంది. సందు చివర ఇంటి పెరటికి వారు లైసెన్సు ఇవ్వరు.

మీరు ఉంటున్న జిల్లా గురించి కూడా ఒక మాట. 2004 ఫిబ్రవరి 6న మావోయిస్టులు కోరాపుట్ పట్టణంలోకే వచ్చి పోలీసు ఆయుధాగారాన్ని దోచుకుపోయారు. 2009 ఏప్రిల్‌లో దామన్‌జోడి దగ్గర బాక్సైట్ గని మీద దాడి జరిగింది. అక్కడి పేలుడు పదార్థాల గోదాము మీద వారి కన్ను. ఇంకొకటి మీ వృత్తికి దగ్గరగా వస్తుంది. 2006లో మహబూబ్‌నగర్, ప్రకాశం జిల్లాల్లో వందల కొద్దీ రాకెట్ గుండ్ల భాగాలు దొరికాయి. వాటిని ఎక్కడ తీశారని ఆరా తీస్తే చెన్నై శివారు అంబత్తూరులోని చిన్న లేత్ వర్క్‌షాపులు తేలాయి. ఏవో యంత్ర భాగాలనుకుని అక్కడివారు జాబ్‌లు చేసి ఇచ్చారు. అప్పటి నుంచి ఈ ప్రాంతంలో ఒక ఉక్కు గొట్టం, దాని అడుగున వాలుగా తొలిచిన రంధ్రాలు ఏ అధికారి కంటబడినా, ఆయనకు మీ ఏడేళ్ల వయసు నాటి గడ్డివామి గుర్తుకు రాదు. మీ వస్తువు గురించి విని ఎవరైనా కుర్రవాడు 'తాతగారూ, నాలుగు నాకివ్వండి' అని వచ్చే రోజు కూడా ఉంటుంది. ఆ కుర్రవాడు ఎవరి తరఫున వచ్చాడో మీకు తెలియదు.

భయపెట్టే భాగం అయింది. ఇక మీ వస్తువు గురించి మాట్లాడుకుందాం, ఎందుకంటే మీరు ఎదురుచూస్తున్నది దానికోసమే.

ఉత్తరంతో పాటు మీరు పంపిన ఆ తూటా చిత్రపటం చూశాను. మూడు వైపుల నుంచి గీసి, ప్రతి కొలత పక్కన ఎంత ఎచ్చుతగ్గు చెల్లుతుందో రాశారు. చెరిపి దిద్దిన చోట పాత గీత కొంచెం కనిపిస్తోంది, పక్కన దిద్దిన తేదీ కూడా వేశారు. ఇంత శుభ్రమైన పనిని చూసి చాలా కాలమైంది. అయినా ఆలోచన కొత్తది కాదు. 1960లలో అమెరికాలో కాలిఫోర్నియాకు చెందిన ఎంబీ అసోసియేట్స్ అనే సంస్థ జైరోజెట్ పేరుతో సరిగ్గా ఇదే చేసింది. 13 మిల్లీమీటర్ల రాకెట్ తూటా, అడుగున వాలు రంధ్రాలు, వాటి గుండా వాయువు చిమ్మితే తూటా తనలో తాను తిరుగుతూ ముందుకు పోతుంది. తుపాకీ వెనక్కి తన్నదు, గొట్టం పలుచగా ఉన్నా సరిపోతుంది. అవే లాభాలు, మీరు రాసిన వరుసలోనే. కొన్ని వియత్నాం దాకా కూడా వెళ్లాయి. ఆ తర్వాత సైన్యం వద్దంది. ఇప్పుడవి పాత తుపాకులు సేకరించేవారి అలమారల్లో ఉన్నాయి.

వద్దనడానికి కారణం మీ పుస్తకాల్లోనే ఎక్కడో ఉండి తీరాలి. తుపాకీ తూటా గొట్టం దాటే క్షణానికే తన పూర్తి వేగంతో ఉంటుంది. రాకెట్ తూటా ఆ క్షణంలో ఇంకా నెమ్మదిగానే ఉంటుంది. వేగం పుంజుకోవడానికి దానికి కొన్ని మీటర్ల దూరం కావాలి. కాబట్టి దగ్గరి గురి మీద దెబ్బ బలహీనం. దూరపు గురి సంగతి ఇంకా అన్యాయం, ఎందుకంటే బయలుదేరేటప్పుడు నెమ్మదిగా ఉన్న రాకెట్ చిన్న తోపుకే పక్కకు తిరుగుతుంది. నాలుగు రంధ్రాల్లో ఒకటి వెంట్రుకవాసి పెద్దదైతే చాలు. లక్షల సంఖ్యలో ఒకే తీరుగా తొలవాలంటే ఖర్చు మామూలు తూటాను దాటిపోతుంది. పెద్ద సంస్థకు, డబ్బుకు లోటు లేని రోజుల్లో లొంగని చిక్కు ఇది.

అంతకు ముందు 1848లోనే న్యూయార్క్‌లో వాల్టర్ హంట్ అనే ఆయన రాకెట్ బాల్ అనే తూటాకు పేటెంటు తీసుకున్నాడు. పేరులో రాకెట్ ఉన్నా పనిలో లేదు. సీసపు గుండును వెనక బోలుగా చేసి అందులోనే మందు పెట్టాడు. దెబ్బలో పస లేక అది నిలవలేదు. ఆ మరుసటి ఏడాది ఆయనే పిన్నీసు కనిపెట్టి, హక్కులను 400 డాలర్లకు అమ్ముకున్నాడు. తూటా పోయింది, పిన్నీసు ఇంటింటికీ చేరింది.

మీకు నిరాశ కలుగుతుందని తెలుసు. కానీ ఇంకో వైపు నుంచి చూడండి. తారాజువ్వ ఎందుకు వంకర తిరిగిందన్న మీ ప్రశ్న రాకెట్ శాస్త్రంలో ఉన్న గట్టి ప్రశ్నల్లో ఒకటి. దాన్ని పట్టుకుని తూటా దాకా వచ్చిన మీ దారి చరిత్ర నడిచిన దారే. జువ్వకు పుల్ల ఎందుకు? గాలి ఒత్తిడి పనిచేసే బిందువును సమతూక బిందువుకు వెనక్కి లాగడానికి. పుల్ల వదులైనా, వంకరదైనా జువ్వ మీ పక్కింటి గడ్డివామికే పోతుంది. మైసూరు రాకెట్లలో ఇనుప గొట్టం మందు బలానికి తట్టుకుంది గాని దారి చూపడానికి వెదురు కర్రే దిక్కు. 1844లో విలియం హేల్ అనే ఆంగ్లేయుడు కర్ర తీసేసి, రాకెట్ తనలో తాను తిరిగేలా చేశాడు. అక్కడి నుంచి జైరోజెట్ దాకా ఒకే గీత. మీరు ఆ గీతను ఒంటరిగా, జైపూర్‌లో కూర్చుని మళ్లీ గీశారు. నాకు దాని విలువ తెలుసు. కానీ ఆ గీత చివర ఉన్నది మూసిన తలుపు.

టిప్పు పేరు ఎత్తారు కాబట్టి: 1780లో పొల్లిలూరు యుద్ధంలో ఆంగ్లేయులను బెదరగొట్టిన రాకెట్లు హైదర్ అలీ కొలువులో తయారైనవి. వాటిని విసిరే దళాలు వేరుగా ఉండేవి. 2018లో శివమొగ్గ జిల్లా నగర గ్రామంలో పాడుబడ్డ బావిలో ఆ కాలపు రాకెట్లు వెయ్యికి పైగా బయటపడ్డాయి. అవి రాజ్యం చేయించి, రాజ్యం దాచిన సరుకు. పెరట్లో ఎవరో సరదాగా చేసుకున్నవి కావు.

ఇప్పుడు సైన్యం, పేటెంటు. నమూనాను ఎవరికీ పంపకండి. పోస్టులో గాని, కొరియర్‌లో గాని, చేతి సంచిలో గాని. సైన్యం ఒక వస్తువు కావాలనుకుంటే దానికి ఉండవలసిన లక్షణాలు ముందే రాసి, పెద్ద సంఖ్యలో చేయించి, నిర్ణీత స్థలంలో కాల్చి చూస్తుంది. అలా కాల్చి చూసే ప్రధాన కేంద్రాల్లో ఒకటి మీ రాష్ట్రంలోనే బాలేశ్వర్ దగ్గర చాందీపూర్‌లో ఉంది. పెరటి పరీక్ష ఫలితాలకు అక్కడ విలువ లేదు. ఆలోచనను కాగితం మీద పంపే దారులు మాత్రం ఉన్నాయి. రక్షణ శాఖ 2018లో మొదలుపెట్టిన ఐడెక్స్ పథకంలో వ్యక్తులు కూడా దరఖాస్తు చేయవచ్చు. డీఆర్‌డీఓ డేర్ టు డ్రీమ్ పేరుతో వ్యక్తులకూ చిన్న సంస్థలకూ పోటీ పెడుతోంది. వారు ఏ సమస్యలకు పరిష్కారాలు అడుగుతున్నారో చదివి, మీ చేతి నేర్పు దేనికి పనికివస్తుందో చూడండి. తూటా వదిలేసి చూడండి. పేటెంటు విషయానికొస్తే, 1960ల నాటి వస్తువు ఉండగా కొత్తదనం చూపడం కష్టం. పేటెంటు వచ్చినా అది ఇతరులను ఆపే హక్కే గాని తయారీకి అనుమతి కాదు. రక్షణకు సంబంధించినదైతే 1970 పేటెంట్ల చట్టం 35వ సెక్షన్ కింద దాన్ని బయటపెట్టకుండా ఆపే అధికారం కూడా ప్రభుత్వానికి ఉంది. ఆ ఖర్చు పెట్టకండి.

మనవడి సంగతికి వస్తాను. నాకు ఎక్కువ కంగారు పుట్టించింది ఆ వాక్యమే. మీరు నలభై ఏళ్ల పని అనుభవంతో, చేతికి తెలిసిన జాగ్రత్తతో మందు ముట్టుకున్నారు. అతను మిమ్మల్ని చూసిన కళ్లతో ముట్టుకుంటాడు. మందుతో ఆడినవారి చివరి రోజుల చరిత్ర మీకు తెలియనిది కాదు. మాక్స్ వాలియర్ 1930లో బెర్లిన్‌లో ఇంజన్ పరీక్షిస్తూ, అది పేలి పోయాడు. రైన్‌హోల్డ్ టిలింగ్ 1933లో తనతో పనిచేసే ఇద్దరితో సహా మందు అంటుకుని పోయాడు. జాక్ పార్సన్స్ అమెరికా రాకెట్ పరిశోధనకు పునాది వేసినవారిలో ఒకడు, ఘన ఇంధనాలు తెలిసినవాడు. 1952లో తన ఇంటి ప్రయోగశాలలో జరిగిన పేలుడులో పోయాడు. వీళ్లెవరూ తెలివితక్కువవారు కారు.

అదే అమెరికాలో ఆ తర్వాత జరిగింది మనకు అవసరం. 1950ల చివర రాకెట్ల మోజులో కుర్రవాళ్లు ఇంటి నేలమాళిగల్లో మందు కలిపి వేళ్లూ కళ్లూ పోగొట్టుకుంటుంటే, నెబ్రాస్కాలో చెప్పుల దుకాణం నడిపే ఆర్విల్ కార్లైల్ దగ్గర ఒక ఉపాయం ఉంది. మందు ఫ్యాక్టరీలో కూరి వస్తుంది. కొనుక్కున్నవాడు దాన్ని తేలికైన అట్ట రాకెట్‌లో పెట్టుకుని, ఎగరేసి, అయిపోయాక పారేస్తాడు. 1957లో ఆయన ఈ సంగతి హ్యారీ స్టైన్ అనే రాకెట్ ఇంజనీరుకు రాశాడు. అక్కడి నుంచే మోడల్ రాకెట్ల అభిరుచి ప్రపంచమంతా పాకింది. ఒక తరం పిల్లల వేళ్లు దక్కాయంటే, మందు కలిపే పనిని అభిరుచి నుంచి పూర్తిగా తప్పించడం వల్లే. మన దగ్గర స్టీఫెన్ స్మిత్ ఉన్నాడు. కలకత్తాలో ఉంటూ 1934 నుంచి పదేళ్ల పాటు 270 దాకా రాకెట్లు ఎగరేసి, వాటిలో కొన్నిటితో ఉత్తరాలు పంపి చూసిన మనిషి. 1935లో దామోదర్ నది మీదుగా ఒక పుంజునూ పెట్టనూ కూడా పంపితే, రెండూ బతికి బయటపడ్డాయి. 1992లో తపాలా శాఖ ఆయన మీద స్టాంపు వేసింది. ఆయన కూడా బాణసంచా చేసేవారి రాకెట్లే వాడుకున్నాడు. ఆయన ఆసక్తి ఉత్తరం ఎక్కడ దిగుతుందన్న దాని మీదే.

మీకూ మనవడికీ నీటి రాకెట్ సరిపోతుంది. పిల్లల ఆట అని ముఖం తిప్పుకోకండి. ఏటా అక్టోబరు 4 నుంచి 10 దాకా జరిగే అంతరిక్ష వారోత్సవాల్లో ఇస్రో కేంద్రాలు పిల్లల చేత చేయించేది ఇదే. కూల్‌డ్రింకు సీసాలో మూడో వంతు నీళ్లు, సైకిలు పంపుతో గాలి, అడుగున మూతి. నీరు కిందికి చిమ్ముతుంది, సీసా పైకి పోతుంది. కానీ ఇందులో మీ వంకర జువ్వ చిక్కు మొత్తం ఉంది, పైగా కొంచెం ఎక్కువే ఉంది. నీరు ఉన్నంతసేపు సమతూక బిందువు ఒక చోట, నీరు అయిపోయాక ఇంకో చోట. గాలి ఒత్తిడి బిందువు మాత్రం రెక్కల వెంట అక్కడే. సమతూక బిందువు దానికంటే కనీసం సీసా వ్యాసమంత ముందుండాలి. సీసాను సమతూకం దగ్గర దారంతో కట్టి, తల చుట్టూ గిరగిర తిప్పి చూడండి. ముక్కు ముందుకు పెట్టి తిరిగితే ఎగిరేటప్పుడూ నిలుస్తుంది. తోక ముందుకు వస్తే ముక్కు బరువు పెంచాలి, లేదా రెక్కలు పెద్దవి చేయాలి. ఇది మనవడి చేతికివ్వండి. ఓపెన్‌రాకెట్ అనే ఉచిత కంప్యూటర్ ప్రోగ్రాం ఒకటుంది. మోడల్ రాకెట్ ఆకారం గీస్తే ఈ రెండు బిందువులూ లెక్కగట్టి చూపుతుంది. అది అతనికి మీకంటే త్వరగా పట్టుబడుతుంది, మీరు నవ్వుకుంటూ నేర్చుకోవచ్చు.

సీసా మూతికి సరిపోయే నాజిల్ (నీరు చిమ్మే సన్నని మూతి), గాలి నింపాక దూరం నుంచి దారం లాగితే ఒక్కసారిగా వదిలే పట్టు, ఈ రెండూ బజారులో మంచివి దొరకవు. ఇత్తడితో తీయగల చేతులు మీవి. నాజిల్ లోపలి వంపు మార్చి మార్చి ఎత్తు ఎంత తేడా వస్తోందో కొలిస్తే, ఏ బడిలోనైనా గోడకు తగిలించదగ్గ పట్టిక తయారవుతుంది. గీతలు పడ్డ పాత సీసా వాడకండి. గాలి నింపేటప్పుడు పిల్లలను దగ్గరికి రానివ్వకండి. గాలి పీడనం కూడా పీడనమే.

అయితే ఆ లేత్ తిప్పడం కేసు సంగతి తేలాక. న్యాయవాది సరేనన్నాక. ఈ వరుస తప్పవద్దు.

అబ్బాయికి ఒక మాట. మీ నాన్నగారిది పిచ్చి కాదు. రష్యాలో కలూగా అనే ఊళ్లో చెవుడున్న బడిపంతులు ఒకాయన, సియల్కోవ్‌స్కీ, 1903లో రాకెట్ సమీకరణం అచ్చు వేశాడు. అంతరిక్షానికి వెళ్లే ప్రతి వాహనం లెక్కా దానితోనే మొదలవుతుంది. ఆయన ఒక్క రాకెట్టూ ఎగరేయలేదు. మీ నాన్నగారి పుస్తకాల్లో ఒక్క తూటా భాగం తీసేస్తే, మిగిలినది కొలాబ్ గాలుల్లో అట్ట రాకెట్లు ఎలా నడిచాయో ఏళ్ల తరబడి రాసిన రికార్డు. ఒకసారి కూర్చుని చదవండి. తాళంచెవి ఇవ్వాలా వద్దా అన్నది షెడ్డు ఖాళీ అయ్యాక మాట్లాడుకోవచ్చు. నా అభిప్రాయం అడిగితే, తాళానికి రెండు చెవులు చేయించి ఒకటి మీ దగ్గర, ఒకటి ఆయన దగ్గర ఉంచుకోండి. ఉడుకుమోతు తనం ఇద్దరిలోనూ కనిపిస్తోంది.

అన్నగారూ, ఉత్తరంతో పంపిన చిత్రపటాన్ని ప్రచురించడం లేదు, మా దగ్గర నకలు కూడా ఉంచుకోలేదు. న్యాయవాదికి చూపించవలసి రావచ్చు కాబట్టి రిజిస్టర్డ్ పోస్టులో మీ పేరనే తిప్పి పంపాం. దాన్ని చింపకండి, కాల్చకండి, ఆయన అడిగినప్పుడు ఉన్నది ఉన్నట్టు ఇవ్వండి. నీటి రాకెట్ నాజిల్ కొలతలు మాత్రం తీరిగ్గా రాసి పంపండి, వాటిని సంతోషంగా అచ్చు వేస్తాం.